చెప్పాం కదా!

చట్టం చేసి అచ్చు వేస్తే ప్రజలకు చెప్పినట్టేనా? సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నాకీ ప్రశ్న పాఠకురాలి వైపు నుంచే తోస్తుంది. బ్రిటన్‌లో 1950లలో పుట్టిన స్త్రీల పెన్షన్ పోరాటం గురించి చదివినప్పుడూ అదే ప్రశ్న.

అక్కడ ప్రభుత్వ పెన్షన్ మగవాళ్ళకు 65 ఏళ్ళకు, స్త్రీలకు 60కే వచ్చేది. ఆ 60 దయతో ఇచ్చిందేమీ కాదు. అవివాహిత స్త్రీలకు 55కే పెన్షన్ కావాలని 1935లో బ్రాడ్‌ఫర్డ్‌లో ఫ్లారెన్స్ వైట్ ఉద్యమం నడిపింది. భార్యలు సాధారణంగా భర్తలకన్నా చిన్నవాళ్ళు కాబట్టి దంపతులిద్దరికీ దాదాపు ఒకేసారి అందాలన్న లెక్కా ఉంది. 1940లో స్త్రీల వయసు 60కి తగ్గింది.

1995 చట్టం సమానత్వం పేరుతో దాన్ని 2010-2020 మధ్య క్రమంగా 65కి పెంచమంది. 2011 చట్టం ఆ గడువును 2018కి కుదించి, 2020 కల్లా అందరికీ 66 చేసింది. మొదటి మార్పు గురించి ఎవరికి వారికి ఉత్తరాలు రాయడం మొదలైంది మాత్రం 2009లో. అప్పటికి పద్నాలుగేళ్ళు గడిచాయి!

2015లో ‘వాస్పీ’గా సంఘటితమైన స్త్రీలు సమాన వయసును వ్యతిరేకించలేదు. ముందుగా, సరిగ్గా చెప్పలేదన్నదే వాళ్ళ ఫిర్యాదు. పిల్లల కోసం, ముసలివాళ్ళ కోసం ఉద్యోగాలు వదులుకుని, సొంత పొదుపు అంతంతమాత్రంగా ఉన్న మనిషికి ఆరేళ్ళ పెన్షన్ చిన్న విషయం కాదు.

ఉత్తరాలు 28 నెలలు ఆలస్యమయ్యాయని 2021లో అంబుడ్స్‌మన్ తేల్చారు. ఒక్కొక్కరికి 1,000 నుంచి 2,950 పౌండ్ల పరిహారం ఇవ్వాలని 2024 మార్చిలో సిఫారసు చేశారు. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం ఆలస్యానికి క్షమాపణ చెప్పింది, డబ్బు ఇవ్వనంది. ఎక్కువమందికి సంగతి తెలుసట. అడగకుండా వచ్చిన ఉత్తరాన్ని అందుకుని చదివినట్టు గుర్తుండేది నలుగురిలో ఒక్కరికేనట. 2025 నవంబర్‌లో మళ్ళీ ఆలోచిస్తామని, 2026 జనవరిలో మళ్ళీ కాదంది.

ఈ తర్కం నాకు కొత్త కాదు. మా ఇంట్లో పొలం అమ్మినా, అప్పు తెచ్చినా అమ్మకు తెలిసేది అంతా అయ్యాకే. అడిగితే నాన్న జవాబు ఒకటే: “చెప్పాను కదా, నువ్వే వినలేదు.” పొయ్యి దగ్గరున్న మనిషికి వరండాలోంచి ఒక మాట పడేసినా చెప్పినట్టే లెక్క. వినకపోవడం ఆమె తప్పు.

పెన్షన్ వయసు మారుతోందని ఎక్కడో వినడం వేరు, నా పెన్షన్ ఏ రోజున వస్తుందో తెలియడం వేరు. మొదటిది వార్త. రెండోది ఉద్యోగం మానాలా వద్దా, ఇల్లు ఎలా గడవాలి అని తేల్చుకునే ఆధారం. వేళకు రాయని ఉత్తరం గురించి, రాసినా చదివేవాళ్ళు కాదనడం ఆ తప్పును తిరిగి స్త్రీల మీదకే నెట్టడం.

క్షమాపణకు ఖర్చు లేదు. పరిహారం దగ్గర రాజ్యం ఆగిపోతే, దాని ఆలస్యానికి మూల్యం కట్టేది ఆ స్త్రీలే.