సూదంటురాయి తాళం



అర్చకుని దినచర్యలో జపానికీ, అభిషేకానికీ ముందుగా జరిగే కర్మ ఒకటి ఉన్నది. అది తలుపు తెరవడం. ఆగమపరిభాషలో దీనిని కవాటోద్ఘాటనం అంటారు. ఘంటానాదం చేసి, ద్వారపాలకులకు నమస్కరించి, వారి అనుజ్ఞను ప్రార్థించిన తరువాతనే గర్భాలయద్వారం మీద చేయి వేయాలి. ముప్పది రెండు సంవత్సరాలుగా ఈ కర్మను నేను నిత్యమూ ఆచరిస్తున్నాను. అభ్యాసవశాన మనస్సు ఎక్కడ ఉన్నా చేయి తన పని తాను చేసుకొనిపోయేది. గత కార్తికమాసంలో ఒక సోమవారం ఉషఃకాలాన ఆ తలుపు తెరుచుకోలేదు. ఆనాటి వృత్తాంతాన్ని సాధకులతో పంచుకోవడం నా ప్రాయశ్చిత్తంలో భాగమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్. నేను ఈ శివాలయానికి అర్చకునిగా వచ్చిననాడు ఊరిలో ఎవరి ముఖం చూచినా ఇంటిపేరు గుర్తుకు వచ్చేది. తరువాత కాలం మారినది. 2018 సెప్టెంబరు 2న ఇక్కడ జరిగిన రాజకీయ మహాసభతో మా ఊరి పేరు రాష్ట్రమంతటా వినబడినది. 2022 ఆగస్టు 25న జిల్లా సమీకృత కలెక్టరేటు ఇక్కడనే ప్రారంభమైనది. 2023 మే 15న ఫాక్స్‌కాన్ పరిశ్రమకు శంకుస్థాపన జరిగినది. పనుల నిమిత్తం వచ్చేవారు, ఉద్యోగులు, వారి కుటుంబాలు ఇప్పుడు మా స్వామిని సేవిస్తున్నారు. అది సంతోషకరమే. అయితే అందరూ అందరికీ తెలిసిన కాలం గడచిపోయినది.

పూర్వం గర్భాలయానికి ఒక ఇత్తడి తాళంకప్ప ఉండేది. దాని చెవి మా ఇంటి గోడమేకుకు వ్రేలాడేది. ఒక సంవత్సరం స్వామివారి వెండి నాగాభరణం కనబడకుండా పోయినది. తాళం పగులలేదు, గొళ్ళెం వంగలేదు. అంటే తెరచినవారు చెవితోనే తెరచారు. ఆ సాయంకాలం తాళంచెవి ఆలయపరిచారకుని చేతిలో ఉండినది. అతడు అప్పటికి పదునారేండ్ల బాలుడు. ఎవరూ అతనిని నిందించలేదు. నేనూ ఒక్క మాట అనలేదు. కాని మరచిపోలేదు. ఆ ఆభరణం నేటికీ దొరకలేదు.

కొన్నేండ్ల తరువాత, విదేశంలో ఉద్యోగం చేసే మా గ్రామస్థుడొకడు గర్భాలయద్వారానికి ఒక విశేషమైన తాళాన్ని సమర్పించాడు. మన తాళంచెవుల అంచున ఉండే దంతాలు దానికి లేవు. బిగించడానికి వచ్చిన మిస్త్రీ దాని మర్మాన్ని ఓపికగా చెప్పాడు. చెవి లోపల చిన్నచిన్న అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. తాళం గర్భంలో అయస్కాంతపు చక్రికలు ఉంటాయి. చెవి ప్రవేశించగానే చక్రికలు దాని అయస్కాంతాల దిశననుసరించి ఉన్నచోటనే తిరుగుతాయి. ప్రతి చక్రికకూ ఒక గాటు ఉంటుంది. గాట్లన్నీ నియతస్థానానికి వచ్చినప్పుడే లోపలి అడ్డుకడ్డీ జరుగుతుంది, తాళం తిరుగుతుంది. ఈ జాతి తాళాలలో ప్రసిద్ధమైనది ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1919లో స్థాపితమైన ఎవ్వా సంస్థవారి పద్ధతి. అందులో చెవికి నాలుగు అయస్కాంతాలు, తాళంలో ఇరుప్రక్కల నాలుగేసి చొప్పున ఎనిమిది చక్రికలు. ఎనిమిది అనగానే అష్టాంగయోగం, అష్టవిధపుష్పాలు స్మరణకు రావడం సహజమే. సంఖ్యాసామ్యం మీద సిద్ధాంతం నిర్మించడం మాత్రం శాస్త్రసమ్మతం కాదు. మనకు కావలసిన విషయం ఇంతే: ఏడు తిరిగి ఒక్కటి తిరగకపోయినా తలుపు తెరుచుకోదు.

అయస్కాంతం మన శాస్త్రాలకు క్రొత్తది కాదు. తెలుగువారు దానికి సూదంటురాయి అని ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. సూది వచ్చి అంటుకునే రాయి. కణాదమహర్షి వైశేషికసూత్రాలలో సూది ఆ రాయివైపు చలించడానికి కారణం అదృష్టం, అనగా కంటికి కనబడనిది, అని చెప్పారు. శంకరభగవత్పాదుల రచనగా సంప్రదాయం ఆరాధించే శివానందలహరి 61వ శ్లోకంలో భక్తికి చెప్పిన దృష్టాంతాలలో సూదీ అయస్కాంతమూ ఒకటి. ఇవన్నీ నేను పాఠశాలలో చదివినవే, ఉపన్యాసాలలో చెప్పినవే. కనుక ఆ తాళం వచ్చిన క్రొత్తలో నాకు గర్వమే కలిగినది. స్వామి ద్వారానికి వేదాంతదృష్టాంతమే తాళమై వచ్చినదని భక్తులకు చెప్పి మురిసిపోయేవాడిని. మనస్సులో మరొక నిశ్చింత కూడా ఉండినది. ఈ చెవికి బజారులో ఎవరూ మారుచెవి చేయించలేరు కదా అని. ఆ నిశ్చింత ఎవరిని ఉద్దేశించినదో నాకు తెలుసు.

ఇక ఆ సోమవారం. తెల్లవారుజామున నాలుగు గంటలకే స్త్రీలు స్నానాలు ముగించి, పిండిదీపాలతో, ఉసిరికదీపాలతో మండపంలో కూర్చున్నారు. నేను ఘంట మ్రోగించి, అనుజ్ఞ వేడి, తాళంచెవిని ప్రవేశపెట్టాను. అది కష్టం మీద లోపలికి వెళ్ళినది గాని తిరగలేదు. తీసి మరల పెట్టాను. తిరగలేదు. స్వామి నామం పలికి బలం ఉపయోగించాను. అయినా తిరగలేదు. వెనుక భక్తులు గుసగుసలాడుతున్నారు. అభిషేకసమయం మించిపోతున్నది. అప్పుడు నా నోటినుండి వెలువడిన వాక్యం శివనామం కాదు. పరిచారకునివైపు తిరిగి, అందరూ వినగా, "ఏమిరా, ఈ తాళంచెవిని ఏమి చేసినావు?" అన్నాను.

మండపం నిశ్శబ్దమైనది. అతడు ఇప్పుడు బాలుడు కాదు, ఒక బిడ్డకు తండ్రి. "నేను ముట్టలేదు అయ్యగారూ" అని మాత్రం అన్నాడు. ఆ ప్రాతఃకాలాన అతడు నైవేద్యశాలలో దీపాలకోసం బియ్యపుపిండి తడుపుతున్నాడు. చేతులకు పిండి అంటి ఉన్నది. దగ్గరకు వచ్చి, నా చేతిలోని చెవిని దీపం వెలుగులో చూచి, "దీనికి గడ్డం మొలిచింది అయ్యగారూ" అన్నాడు.

నిజమే. చెవి రెండు ముఖాల మీద నల్లని సన్నని వెంట్రుకల వంటిది నిక్కి నిలిచి ఉన్నది. అది ఇనుపరజను. అంతకు ముందురోజు భక్తుల వరుసకోసం మండపంలో ఇనుప కడ్డీలు కోసి అతికారు. ఆ పనిని పర్యవేక్షిస్తూ నా చేతిసంచిని నేలమీద ఆ రజను మధ్యనే పెట్టినది నేనే. తాళంచెవి ఆ సంచిలోనే ఉన్నది. సూదంటురాయి తన ధర్మం తాను నెరవేర్చినది. అందుబాటులో ఉన్న ఇనుమునంతటినీ చేరదీసుకొన్నది. రజను అడ్డుపడి చెవి సరిగా కూర్చోలేదు. రవ్వంత ఎడమైనా అయస్కాంతశక్తి ఎంతో క్షీణిస్తుంది. పైగా ఆ ఇనుము అయస్కాంతపు ప్రభావాన్ని తనవైపు త్రిప్పుకొంటుంది. లోపలి చక్రికలకు చేరవలసిన ఆజ్ఞ చేరలేదు.

నేను ఉత్తరీయంతో తుడవబోయాను. అది అంత సులభంగా వదిలేది కాదు. ఒక ప్రక్కనుండి తుడిస్తే మరొక ప్రక్కకు చేరినది. అతడు చెవిని నా చేతిలోనుండి తీసుకొని, పిండిముద్దలో అద్ది, పైకి తీశాడు. రజను పిండికి అంటుకొన్నది. నాలుగైదు మార్లు అట్లే చేసేసరికి చెవి శుభ్రమైనది. పిండిముద్ద నల్లబడినది. చెవిని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నాకు అందించాడు. ఈసారి తాళం తిరిగినది. తలుపు తెరుచుకొన్నది. అందరూ హరహర మహాదేవ అన్నారు. నేను లోపలికి వెళ్ళి నమకం ప్రారంభించాను. నా కంఠం నాకే పరాయిదిగా వినిపించినది.

అభిషేకం చేస్తూ ఉండగా ఏనాడో చదివిన బ్రహ్మసూత్రభాష్యపాఠం స్మరణకు వచ్చినది. సాంఖ్యులు పురుషుడు నిష్క్రియుడంటారు. అయినా ఇనుమును అయస్కాంతం కదిలించినట్లు సన్నిధిమాత్రంచేత ప్రధానాన్ని ప్రవర్తింపజేస్తాడని వారి వాదం. ద్వితీయాధ్యాయం ద్వితీయపాదంలో ఏడవ సూత్రం మీద భాష్యకారులు దీనిని ఖండించారు. పురుషుని సన్నిధి నిత్యం కనుక ప్రవృత్తి కూడా నిత్యం కావలసివస్తుంది. అయస్కాంతం విషయం అట్లు కాదు. దాని సన్నిధి అనిత్యం. పైగా దానికి తుడిచి శుభ్రపరచడం మొదలైనవాటి అపేక్ష ఉన్నది. గురువుగారు ఈ వాక్యం చెప్పిననాడు, ఇంతటి గంభీరచర్చలో రాయిని తుడిచే మాట ఎందుకు వచ్చినదా అని నేను మనస్సులో నవ్వుకొన్నాను. ఆ మాటకు అర్థం నలభై ఏండ్ల తరువాత ఒక నల్లని పిండిముద్దలో కనబడినది.

ఇది సాంఖ్యమతఖండన సందర్భమే గాని భక్త్యుపదేశం కాదని ఎరుగుదును. అదే పాదంలో రెండవ సూత్రం వద్ద భాష్యకారులు అయస్కాంతదృష్టాంతాన్ని స్వపక్షంలో స్వీకరించారు కూడా. తాను చలింపకనే ఇతరాన్ని చలింపజేయగలవాడు ఈశ్వరుడని అక్కడి తాత్పర్యం. కనుక లోపం ఈశ్వరునివైపు ఉండదు. ఆయన సన్నిధి నిత్యం. ఆయనకు తుడిచే అవసరం లేదు. ఆ అవసరం ఉన్నది నాకు.

అర్చకులమైన మాకు ఒక ప్రమాదం ఉన్నది. లోకం మమ్ములను స్వామికి సన్నిహితులుగా భావిస్తుంది. క్రమంగా మేమూ అట్లే భావిస్తాము. సన్నిధిమాత్రమే చాలునంటే, మూలవిరాట్టుకు రెండు బారల దూరంలో ముప్పది రెండేండ్లు నిలిచిన నాకు ఏనాడో చిత్తశుద్ధి కలిగి ఉండాలి. ఆలయంలోని గబ్బిలానికీ కలిగి ఉండాలి. శ్రీమద్భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు తన గురువుతో పలికిన మాటను గమనించండి. అయస్కాంతసన్నిధిలో ఇనుము ఎట్లు పరిభ్రమిస్తుందో చక్రపాణి సన్నిధిలో నా చిత్తం అట్లే అవుతున్నదని అతడు చెప్పాడు. ఆ ఇనుము తిరుగుతున్నది. కఠోపనిషత్తు కూడా ఇంద్రియాలు బహిర్ముఖంగా నిర్మితమైనవనీ, ఏ ధీరుడో ఒకడు మాత్రమే చూపును లోపలికి మరల్చి ప్రత్యగాత్మను దర్శించాడనీ చెప్పినది. తాళంలోని చక్రికలు ఎక్కడికీ ప్రయాణం చేయవు. ఉన్నచోటనే ఉండి తిరుగుతాయి. నేనూ ఉన్నచోటనే ఉన్నాను. తిరిగానా అన్నదే ప్రశ్న.

నాలో జపం వైపు తిరిగినది ఉన్నది, ఆచారం వైపు తిరిగినది ఉన్నది. ఒక్కటి తిరగలేదు. ఒక పేదబాలుని గురించి నాడు కలిగిన అనుమానం, ఇనుపరజను వలె, నన్ను అంటుకొనే ఉన్నది. దానిని నేను ఆలయరక్షణ అనుకొన్నాను, జాగరూకత అనుకొన్నాను.

ఆ మధ్యాహ్నం కవాటబంధనం తరువాత అతనిని పిలిచి, "తప్పుగా అన్నాను, మనస్సులో పెట్టుకోకు" అన్నాను. అతడు కొంతసేపు ఊరకుండి, "ఇవాళ్టి మాట కాదు అయ్యగారూ. వెండిపళ్ళెం నా చేతికిచ్చినప్పుడల్లా మీరు నా చేతులే చూస్తుంటరు" అన్నాడు. అతనికి అన్నేండ్లుగా తెలుసు. నేను అనని మాటను అతడు ప్రతి దినం వింటూనే ఉన్నాడు. ఏ సమాధానమూ నాకు తోచలేదు.

అందరి ఎదుట నిందించి ఏకాంతంలో క్షమాపణ కోరడం న్యాయం కాదని ఆ రాత్రి తెలిసినది. మరుసటి సోమవారం అదే మండపంలో, దీపాలు పెట్టడానికి వచ్చిన ఆ స్త్రీల ఎదుటనే, జరిగినదంతా చెప్పి అతనిని క్షమించమని అడిగాను. నాగాభరణం సంగతీ దాచలేదు. ఎవరు తీసుకొన్నారో నాకు తెలియదనీ, తెలియనిదానిని తెలిసినట్లు ఇన్నేండ్లు మోసింది నేనేననీ చెప్పాను. అతడు తలవంచుకొని వత్తులు చేస్తూనే ఉన్నాడు. క్షమించానని అనలేదు. అనవలెనని నేను కోరను.

ఆలయపెద్దలను ప్రార్థించి, రెండవ తాళంచెవిని అతని వద్ద ఉంచాను. నాకు జ్వరం వచ్చిన దినాలలో కవాటోద్ఘాటనానికి తాళం తీసేది అతడే. నా వద్ద ఉన్న చెవిని ప్రతి రాత్రి కాసింత పిండిముద్దలో అద్ది తీస్తున్నాను. మండపంలో ఇనుపపని ముగిసి చాలా కాలమైనది. అయినా ఒక్కొక్క రాత్రి ఆ పిండిలో ఒకటి రెండు నల్లని రేణువులు కనబడుతూనే ఉన్నవి.

శివార్పణమస్తు.