హాల్‌ఖాతా వేళ

చైత్రమాసాంతమున కలకత్తా బడాబజారు వీథులలో ఎఱ్ఱని గుడ్డతో అట్టకట్టిన ఖాతాపుస్తకములను దొంతరలుగా పేర్చి అమ్ముచుందురు. వంగీయుల సంవత్సరాదియగు పొయిలా బొయిశాఖ్ నాడు వర్తకులు వానిపై సిందూరముతో స్వస్తికము దిద్ది, పాతబాకీలు వసూలు చేసికొని క్రొత్తలెక్క ప్రారంభించు ఈ హాల్‌ఖాతా ఆచారము ఉద్యోగికిని ఉచితమైనదే యని నాకు తోచుచున్నది. గడచిన యేడాది జీతమెంత పెరిగెను, ఏ హోదా వచ్చెను అని మాత్రమే మనము లెక్కించుకొందుము. ఏ విద్య పట్టుబడెను, ఎవరి సాంగత్యము లభించెను అను పద్దులు వ్రాయుట అరుదు.

అట్టి పద్దుల విలువకు ఒక నిదర్శనము: ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు వేఱొక ఉద్యోగప్రయత్నమున ఈ నగరమునకు వచ్చి, ఆనాడు ప్రెసిడెన్సీ కళాశాలలో మహలనోబిస్‌గారు నడపుచుండిన గణాంకశాస్త్ర సంస్థను చూచి, 1941 జనవరి 1వ తేదీన అచ్చట శిక్షణకు చేరిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో వారు ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రపంచమంతటను గణాంకశాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశము. జీతపు పద్దునుబట్టి చూచినచో అట్టి శిక్షణయేడు అల్పముగానే కనబడును గదా!

కావుననే ఈ మారు వేతనమును వెనుకపుటలకు త్రోసి, నాకంటె అధికముగా తెలిసినవారి చెంత గడపిన కాలమును మొదటిపుటలో వ్రాసికొంటిని. ఆ పద్దు పలుచగా నున్నందున, హోదాపెంపునకు ముందుగా, గణాంక విశ్లేషణ జరుగు విభాగమునకు మార్పు కోరుచు అర్జీ సిద్ధపఱచితిని. మిత్రులారా, మీ పద్దు లెట్లున్నవో తెలుపుడు.