మా కారులోని పాటపెట్టె

మా యత్తగారి మూత్రపిండములు చెడి రెండేండ్లైనది. వారమునకు మూడుమార్లు మోతీనగరునుండి పంజగుట్టవైపున నున్న యొక ఆసుపత్రికి ఆమెను డయాలిసిస్‌కై తీసికొనిపోవుచున్నాము. ఎఱ్ఱగడ్డ, సంజీవరెడ్డినగరు, అమీరుపేట - దూరము స్వల్పమే గాని, తలమీద మెట్రోరైళ్లు పరుగెత్తుచుండగా క్రింద మన బండ్లు చీమలవలె కదలును. యంత్రముకడ నాలుగు గంటలు కదలక పడియుండు ఆ యమ్మకు, పోవునపుడును వచ్చునపుడును కారులో వినవచ్చు పాటలే యూరట. మే మిద్దరము తోడికోడండ్రము. ఒకనా డొకరము, మఱునా డొకరము కారు నడుపుచుందుము.

కారు 2009 లో మా మామగారు కొన్నది. వారిప్పుడు లేరు. పాటపెట్టె కారుతోపాటు వచ్చినదే. మొన్నటి వేసవిలో దాని తెర నల్లబడినది. లోపల చిక్కుకొన్న డిస్కు మరల బయటికి రాలేదు. క్రొత్తది పెట్టింప నెంచి యొక దుకాణమునకు పోయితిమి. పనివాడు క్రొత్తపెట్టె బిగించి మీట నొక్కెను. తెర వెలిగెను, పాట పేరు కానవచ్చెను. ధ్వని మాత్రము సున్న. దుకాణదారు వచ్చి, "లోపల ఆంప్లిఫయరు కాలిపోయిందమ్మా. అదీ, స్పీకర్లూ అన్నీ మార్చుకోవాలి" అని ముప్పదియైదువేలు చెప్పెను. మందులకు నెలనెల లెక్క వ్రాసికొను నింట నది చిన్నమాట కాదు. వలదంటిమి. అంతట నతడు ఆంప్లిఫయరును ప్రక్కకు నెట్టి, స్పీకర్లను నేరుగ క్రొత్తపెట్టెకే కలిపి పంపెను.

పాట వచ్చినది. ఏమి పాట! మా యత్తగారికి 1963 నాటి లవకుశ పాటలనగా ప్రాణము. లవకుశులకు గొంతిచ్చిన లీల, సుశీలలలో ఏ పలుకు ఎవరిదో ఆమె కన్నులు మూసికొని చెప్పును. ఆనాడు కొంతసేపు విని, "నూతిలోనుంచి పాడుతున్నట్టుందే అమ్మాయీ" అనెను. తిరుగుదారిలో పెట్టె వేడెక్కి తనంతట తానే ఆగిపోయినది. తరువాతి వారమంతయు పాటలు పెట్టుమని ఆమె యడుగనే లేదు. కిటికీవైపు చూచుచు కూర్చుండెను. ముప్పదియైదువేలకంటె మమ్ము నొప్పించిన దదియే.

మా వీధిలో, ఫిల్మునగరు డబ్బింగు థియేటరులో చిరకాలము ధ్వనిపని చేసి విరమించిన పెద్దమనిషి యొకరు కలరు. మోతీనగరులో సినిమాపనివారికి కొదువలేదు గదా! ఆయన మీటరు చేతబట్టుకొని వచ్చిరి. తీగలు విప్పకముందు బ్యాటరీ ఋణాగ్రపు తీగను ఊడదీయించి, "పసుపుపచ్చ తొడుగులున్న తీగలు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి మాత్రం పోకండమ్మా" అని హెచ్చరించిరి. పిదప ముందుసీటు క్రిందనున్న అల్యూమినియపు పెట్టెను పరీక్షించి, "ఇది కాలలేదు, నిద్రపోతోంది" అని నవ్విరి.

సంగతి యిది. పాటపెట్టె పాటను చదివి సన్నని సంకేతముగ పంపును. ఆ సంకేతమునకు స్పీకరు నాడించునంతటి బలమిచ్చునది ఆంప్లిఫయరు. పెక్కు కార్లలో నీ రెండును ఒకే పెట్టెలో నుండును. మా కారులో వేఱువేఱు. ఆంప్లిఫయరునకు బ్యాటరీతో సంబంధ మెప్పుడును ఉండును గాని, అది రేయింబవళ్లు మేలుకొనియున్న బ్యాటరీ ఖాళీయగును. కావున పాటపెట్టె వెలిగినపుడు 12 వోల్టులు తెచ్చి దానిని లేపుటకు ప్రత్యేక మొక తీగ కలదు. క్రొత్తపెట్టెలో నది తెల్లచార గల నీలితీగ. దుకాణమువారు దానికి టేపు చుట్టి యట్లే విడిచినారు! మీటరు పెట్టగా ఆంప్లిఫయరు కొసను సున్న చూపెను. ఆ తీగ కలిపినంతనే పండ్రెండు దాటెను. స్పీకర్లలో "టప్" మనెను. మాలో చిన్నామె చప్పట్లు చఱచినది.

స్పీకర్లను కొలువగా రెండు ఓములకు లోపుగ నున్నవి. క్రొత్తపెట్టె నాలుగు ఓముల స్పీకర్లకై చేయబడినది. అది వేడెక్కుట కదియే కారణము. మఱియొక తప్పు, ఎడమవైపు స్పీకరునకు రెండు తీగలు తారుమారైనవి. ఆనాటి సినిమాపాటలు స్టీరియో కావు, రెండువైపులనుండి ఒకే ధ్వని రావలెను. ఒక స్పీకరు ముందుకు నెట్టునపుడు రెండవది వెనుకకు లాగిన ఒకదానిని మఱొకటి చెఱచును; మంద్రము సన్నగిల్లును, గొంతెచటినుండి వచ్చుచున్నదో తెలియదు. మా యత్తగారి నూతిమాట అక్షరాల నిజము!

అంతటితో కథ ముగియలేదు. ఇంజను వేగము హెచ్చినకొలది పాటలో నొక ఈల వినబడసాగెను. పాత ఆంప్లిఫయరునకు సంకేతము తెచ్చు రెండుతీగలలో నేదియు కారు ఇనుముతో కలియరాదు. క్రొత్తపెట్టెలో నొకటి కలియును. ఆ సందున జనరేటరు రొద చొరబడుచున్నదట. నడుమ నుంచుటకు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గల డబ్బీ, కారు తీగలు కోయకుండ తగిలించు ప్లగ్గు, ఈ రెంటిని రాణీగంజులో వెదకి తెచ్చితిమి. నాలుగువేలకు లోపుగనే అయినది. క్రొత్తపెట్టె పంపు సంకేతము పాతదానికి మిక్కుటమై గొంతు పగులుచుండగా దానిని తగ్గించిరి. గిద్దెడు పట్టు గిన్నెలో సోలెడు పాలు పోసిన పొరలక యేమగును? స్టీరింగుమీది మీటలు మాత్రము పనిచేయవు. వానికి వేఱొక జోడింపు కావలెనట. మానితిమి.

ఆ కారు లోపలి కొలతకు, ఆ స్పీకర్ల గుణమునకు తగినట్లు మంద్రతారములను సరిచేయు ఏర్పాటు ఆ పాతపెట్టెలోనే యున్నదని పెద్దమనిషి చెప్పిరి. పాతదనగానే పాఱవేయు మను దుకాణములవారికి ఈ సంగతి తెలియదో, తెలిసియు చెప్పరో మే మెఱుగము.

మఱునాడు గురువారము. పోవునపుడు ఆమెకేమియు చెప్పలేదు, పాటయు పెట్టలేదు. తిరుగుదారిలో, ఆమె మిక్కిలి యలసి వెనుకసీటున ఒరిగియుండగా, అమీరుపేట దాటిన పిమ్మట లవకుశ పెట్టితిమి. కొంతసేపు మాటలేదు. పిదప సన్నని గొంతుతో, "ఇది లీల" అనెను. మఱి రెండు చరణములకు, "ఇది సుశీల." ఎఱ్ఱగడ్డ మలుపు వచ్చినది. "ఈ పాట అయ్యేదాకా ఇంటికి తిప్పకండమ్మా" అనెను. భరత్‌నగరుదాక పోయి తిరిగి వచ్చితిమి.