గుత్తి పేరుగల నీలి సాలెపురుగు

గుత్తికి బోయినవారు కోటను జూచి వత్తురు. మేమును వేసవి సెలవులలో మా యింటివారితోను, పిల్లలతోను కొండనెక్కి, అంచున మురారిరావు కూర్చుండెడివాడని చెప్పెడి మంటపమును జూచి దిగితిమి. సోదరీమణులారా, ఆ కోటను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు గలరు. ఇంగ్లండు, అమెరికా దేశములలో సాలెపురుగులను బెంచువారు గుత్తి పేరెఱుగుట మాత్రము కోటవలన గాదు. ఒక సాలెపురుగు వలన.

1899లో బ్రిటిషు మ్యూజియమునందలి పోకాక్ అను శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన యాడు సాలీడొకదానిని వర్ణించి, పొయెసిలోథీరియా మెటాలికా యని పేరు పెట్టెను. టరాంటులాలని పిలువబడు పెద్ద సాలెపురుగులలో నిదియొకటి. కాళ్లు చాచినచో ఇంచుమించు జానెడుండును. మేనెల్ల నీలము, కాళ్లపై పసుపు మచ్చలు. ఆ నీలము అద్దిన రంగు గాదు. రోమముల సూక్ష్మనిర్మాణముపై వెలుగు పడుటచే, నెమలిపింఛమందువలె గలిగిన శోభ. సాలెపురుగనగానే ముఖము త్రిప్పుకొనువారు, శ్రీకాళహస్తి పేరులోని మొదటి యక్షరము దానిదేయని జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక.

పిదప నూఱేండ్లకు పైగా అది యెవరికంటను బడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడిమి యడవిలో మరల గానవచ్చెను. కావున గుత్తి దానికి పుట్టినిల్లు గాదు. కలపతోపాటు రైలెక్కి వచ్చియుండునని పండితుల యూహ. పుట్టినింటి పేరు పోయి, దిగిన స్టేషను పేరు నిలిచినది.

ఆ పుట్టినిల్లు చూడవలెనని ద్రోణాచలము మీదుగా నంద్యాల చేరి, అటనుండి గిద్దలూరు బండి యెక్కితిమి. గాజులపల్లె దాటగానే నల్లమల యిరుప్రక్కల మూసికొనివచ్చును. ఎండకాకకు ఆకు రాల్చిన మద్దులు, వెదురు పొదలు, నడుమ సొరంగపు చీకటి. సాలీడు పగలు తొఱ్ఱ వీడదు. కనుక దానిని జూచితిమని చెప్పజాలము. ఇల్లు మాత్రము కిటికీలోనుండి చూచితిమి.

ముదిమానుల తొఱ్ఱలే దాని నివాసము. సాధారణముగా నీ జాతిలో నొకటి రెండవదానిని సహింపదు, చిక్కినచో తినివేయును. అయినను చెట్లకు తొఱ్ఱలు తక్కువయైన చోట నివి యొక్క తొఱ్ఱలోనే కూడియుండును. గుత్తి పురుగు గుత్తిగా నుండుట యన్నమాట!

ఇది తెలిసి విదేశములందు కొందఱు వీనిని గాజుపెట్టెలలో ఉమ్మడిగా బెంచుచున్నారు. ఒకే గ్రుడ్లసంచిలో బుట్టిన పిల్లలను విడదీయక యుంచుదురు. దాగుటకు బెరడు గొట్టములు లెక్కకు మించి పెట్టి, ఇలకోళ్లను సమృద్ధిగా వేయుదురు. కొన్ని యిండ్లలో నెల్లయు సుఖముగా బెరుగును. కొన్నింట నొకటి ముందుగా నెదిగి, కుబుసము విడిచి మెత్తబడియున్న తోబుట్టువును తినివేయును. పెంచువారు దీనిని స్నేహమా, వైరమాయని తర్కించుకొందురట. మాకు జూడగా రెండును గావు. ఇండ్లు చాలక కలిసియుండుట. ఉమ్మడి కాపురము చేసినవారికి దీనిని విడమరచి చెప్పనేల? అడవిలో పొసగనిది వేఱొక చెట్టు వెదకుకొనిపోవచ్చును. పెట్టెలో నా త్రోవ లేదు. చేయి పెట్టువారికి గూడ జాగ్రత్త వలయును. ఇది కఱచినచో తీవ్రమైన నొప్పియు, కండరములు పట్టుటయు గలుగును.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్యవారు 2008లో దీనిని మిక్కిలి విపత్తునందున్న జాతిగా బేర్కొనిరి. అప్పటికి తెలిసిన దీని యునికిపట్టు నూఱు చదరపు కిలోమీటరులకు లోబడినదే. 2019లో సైటిస్ ఒడంబడికయందు జేర్చుటచే, అనుమతిపత్రము లేనిదే దేశము దాటింపరాదు. మంచిదే. కాని పెట్టెలలో సంతతి పెరిగినంత మాత్రమున నల్లమలలో తొఱ్ఱ పెరుగదు.

దిగువమెట్టలో నొక యామె కట్టెలమోపుతో మా పెట్టె యెక్కినది. ఎట్టి చెట్లు కొట్టుదురని యడిగితిమి.

"తొర్రమానులేనమ్మా. దూలానికి రావు, తలుపుకు రావు. పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తాయి?" అన్నది.

ఇంట గ్యాసు లేదాయని యడుగగా, బండ యున్నదిగాని నింపించుటకు డబ్బు కుదిరిన నెలయే దానిని వెలిగింతుననెను. వలదని చెప్పుటకు మాకు నోరాడలేదు. మోపులోని యొక దుంగకు పిడికిలి పట్టునంత తొఱ్ఱ యుండెను. మా చిన్నది వంగి లోపలికి తొంగిచూచినది. ఏమియు లేదు.