సైకిలు మీద దూరం పోయేవాళ్ల చేతులు



ఈమధ్య మన యువకుల్లో సైకిలు మీద దూరం పోయేవాళ్లు ఎక్కువయ్యారు. మేము కూడా పల్లె కూడికలకు ఏళ్ల తరబడి సైకిలు మీదనే తిరుగుతున్నాం గనుక, "అయ్యగారూ, చేతులు తిమ్మిర్లు పడుతున్నయి, గ్లౌజులు ఎసుంటివి కొనాలె?" అని మమ్మల్ని అడుగుతున్నారు. వినడానికి చిన్న ప్రశ్నే. అయితే చేతుల కష్టం మీద బతికే ఇళ్లలో అది చిన్నది కాదు.

అడిగినవాళ్లలో ఒక సహోదరుడు మగ్గం నేస్తాడు. హైదరాబాదు రాండనీర్లు నడిపే 200 కిలోమీటర్ల సవారీకి పోయి, నియమం ప్రకారం పదమూడున్నర గంటల లోపే ముగించి సంతోషంగా ఇంటికి వచ్చాడు. కానీ ఆ తరువాత మూడు రోజులు చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారే ఉన్నాయి. తెగిన పోగును అతుకుదామంటే వేళ్లకు పోగు తగలడమే తెలియలేదు. అతని భార్య మాతో, "సైకిల్ బంద్ పెట్టుమని మీరన్నా చెప్పుండ్రి అయ్యగారూ, చేతులు పోతే మా బతుకేంది?" అన్నది. ఆమె భయం అర్థం లేనిది కాదు. కాబట్టి ఈ సంగతి కొంచెం లోతుగా చూద్దాం.

మోచేయి గోడకు తగిలితే షాకు కొట్టినట్టు జివ్వుమనే నరం ఒకటి ఉంది కదా, దాన్ని అల్నార్ నరం అంటారు. అదే కిందికి వచ్చి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపున ఒక ఇరుకు సందు గుండా అరచేతిలోకి పోతుంది. ఆ సందును 1861లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు గ్యుయోన్ పేరుతోనే పిలుస్తారు. సైకిలు మీద ముందుకు వంగి గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు మోపితే, సరిగ్గా అక్కడనే ఒత్తిడి పడుతుంది. చిటికెన వేలు, దాని పక్క వేలిలో సగం తిమ్మిరెక్కేది అందుకే. బొటన వేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కితే అది మణికట్టు మధ్యలో పోయే మరో నరం, మీడియన్ నరం. 2003లో అచ్చయిన ఒక వైద్య పరిశీలనలో 600 కిలోమీటర్లు తొక్కిన 25 మందిని పరీక్షిస్తే, 23 మందికి చేతుల్లో స్పర్శ తగ్గడమో, బలం తగ్గడమో కనిపించింది. అలవాటున్నవాళ్లు, కొత్తవాళ్లు అనే తేడా లేదు. అంటే ఇది బలహీనుల జబ్బు కాదు, దూరం పోయే ప్రతివాని సంగతి.

మన దారులు కూడా తెలిసినవే. నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోవాలంటే 150 కిలోమీటర్లకు పైనే. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కంకర తేలిన చోట్లు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ప్రతి కుదుపూ ముందు చక్రం నుంచి హ్యాండిల్‌కు, హ్యాండిల్ నుంచి అరచేతికి వస్తుంది.

ఇక గ్లౌజుల మాట. అంగడిలో మెత్తగా, లావుగా కనిపించేదాని మీదికి చేయి పోతుంది. లావుపాటి మెత్త మంచిదని అనుకోవద్దు. మెత్త లావైనకొద్దీ హ్యాండిల్ పట్టు తెలియక ఇంకా గట్టిగా పిడికిలి బిగిస్తాం. ఒక గంటలో ముంజేయి నొస్తుంది. లావు మెత్త మడతపడితే ఆ మడతే బొబ్బ లేపుతుంది. చూడవలసింది మెత్త ఎంత ఉందని కాదు, ఎక్కడ ఉందని. అరచేతి అడుగున రెండు దిండ్లలాగా ఉండి, మధ్యలో నరం పోయే చోట సన్నని కాలువలాగా ఖాళీ వదిలినది మేలు. మీ బరువు ఎక్కడ పడుతుందో తెలియకపోతే ఒక ఉపాయం చెబుతాం. హ్యాండిల్ మీద కొంచెం ముగ్గుపిండి రాసి, ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చొని పట్టుకోండి. పిండి అరచేతికి ఎక్కడ గట్టిగా అంటుకుందో, మెత్త అక్కడ ఉండాలి.

మెత్తలో జెల్ ఉన్నవి, ఫోమ్ ఉన్నవి అని రెండు రకాలు దొరుకుతాయి. జెల్ ఒత్తిడిని బాగా పరుస్తుంది గానీ గాలి ఆడనీయదు. ఫోమ్ తేలిక, చల్లన. కాకపోతే కొంత కాలానికి అణిగిపోతుంది. వేలితో నొక్కితే మళ్లీ లేవని ఫోమ్ ఇక పనికిరాదు, మార్చవలసిందే.

కొలత కోసం దర్జీ టేపు చాలు. బొటన వేలిని వదిలి, నాలుగు వేళ్ల మొదళ్లకు కొంచెం కింద అరచేతి చుట్టూ కొలవండి. ఒక్కో కంపెనీ సైజు ఒక్కో తీరుగా ఉంటుంది గనుక ఆ అంకెను వాళ్ల పట్టికతో పోల్చాలి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి, ఎండలో దూరం పోతే చేతులు కొంత ఉబ్బుతాయి. అయితే వదులు కూడా తగదు. తొడిగి పిడికిలి బిగించినప్పుడు అరచేతిలో బట్ట ముడత పడకూడదు, వేళ్ల సందుల్లో కోసుకోకూడదు, బ్రేకు పట్టితే వేళ్లు తేలికగా ముడవాలి. దుకాణంలో తొడుక్కొని పది నిమిషాలు తిరగండి, సిగ్గుపడవద్దు.

నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు సగం వేళ్ల గ్లౌజులు, వీపు వైపు జాలీ బట్ట ఉన్నవి హాయి. బొటన వేలి మీద తువ్వాలు గుడ్డ కుట్టి ఉంటే చెమట తుడుచుకోవచ్చు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మాత్రం పలుచని నిండు వేళ్లవి కావాలి. పడినప్పుడు మొదట నేలను తాకేది అరచెయ్యే గనుక, అడుగు బట్ట గట్టిగా ఉండాలి. ఇంటికి రాగానే సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా ఒత్తి, నీడలో ఆరేయండి. చెమట ఉప్పు పేరుకుంటే బట్ట బిరుసెక్కి చర్మం ఒరుసుకుంటుంది.

ఇన్ని చెప్పినా, గ్లౌజులు సగం పనే చేస్తాయి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లంతా జారి చేతుల మీద పడుతుంది. హ్యాండిల్ మరీ దూరమైనా, మరీ కిందికి ఉన్నా అంతే. మగ్గం సహోదరుని సైకిలు చూస్తే సీటు ముందుకు వాలే ఉంది. దాన్ని సమంగా చేయించి, హ్యాండిల్ కొంచెం పైకి లేపించాం. మధ్యలో కాలువ ఉన్న జత ఒకటి కొన్నాడు. పది నిమిషాలకు ఒకసారి చేయి పట్టే చోటు మార్చడం, మోచేతులు కొంచెం వంచి ఉంచడం అలవాటు చేసుకున్నాడు. మొన్న 100 కిలోమీటర్లు పోయి వచ్చి, మరునాడు పొద్దున్నే మగ్గం ఎక్కాడు. 200కు మళ్లీ పోవడం ఇప్పుడే వద్దని భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. మాకు ఆ నిర్ణయం నచ్చింది. తిమ్మిరి కొన్ని రోజులైనా తగ్గకపోయినా, వేళ్లలో పట్టు తగ్గినా, గ్లౌజులు మార్చుకుంటూ కూర్చోకుండా నరాల డాక్టరు దగ్గరికి పోవాలి.

కొందరు పెద్దలు నవ్వుతున్నారు, "మా తాతలు గడ్డపార పట్టి కాల్వలు తవ్విండ్రు, వాళ్లకు గ్లౌజులున్నయా? ఇదంతా షోకు" అని. నిజమే, పాలమూరు కూలీల చేతులు దేశమంతా ప్రాజెక్టులు కట్టాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట కూడా కూలీల చేతుల మీదనే లేచింది. కానీ ఆ చేతులు నొయ్యలేదని ఎవరు చెప్పగలరు? కాయలు కాసి, వంకరపోయి, ముసలితనంలో ముద్ద కలుపుకోలేని చేతులను మేము ఎన్నో ఇళ్లలో పట్టుకొని ప్రార్థన చేశాం. వాళ్లకు దొరకనిది పిల్లలకు దొరికితే అది షోకు కాదు, వాళ్ల కష్టానికి ఫలం.

అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజు మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఏం చేశారో మీకు తెలుసు. ఓర్చుకొమ్మని ఆయనకు బోధించలేదు. కూర్చోవడానికి ఒక రాయి వేశారు, చెరొక పక్క నిలిచి చేతులు ఆపారు. అలసిన చేతికి ఆసరా అడగడం అవిశ్వాసం కాదు. ఆసరా ఇవ్వగలిగినవాడు ఇవ్వకపోవడమే తప్పు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారి టేపు తీసుకొని వరండాలో ఉంటాం. సైకిలు తొక్కే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఆగండి. చేతులు కొలిచి, మీ సైకిళ్ల సీట్లు కూడా ఒకసారి చూద్దాం.