అమ్మ పేరు పదిహేడుసార్లు

మా చోడవరం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. మేం మంచం కూడా జరపకుండానే చిరునామా మారిపోయింది. అన్ని మార్పులూ ఇంత సుఖంగా జరిగితే ఎంత బాగుండును!

రిటైరైన పంతుల్ని. పెన్షను, బ్యాంకు, కరెంటు బిల్లు, గ్యాసు, రైలు టికెట్లు... వీటి పాస్‌వర్డులన్నీ ఒకప్పుడు డైరీ చివరి పేజీలో ఉండేవి. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి వాటిని నా ఫోనులో మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్‌లోకి ఎక్కించింది. 2025 ఆగస్టు నుంచి అందులో పాస్‌వర్డులు కనిపించవని కంపెనీవాళ్లు ముందే కబురు పెట్టారు. తమ ఎడ్జ్ బ్రౌజర్‌లో చూసుకోవచ్చన్నారు. మా అమ్మాయి మాత్రం బిట్‌వార్డెన్‌కి మారమంది.

"ఎక్స్‌పోర్ట్ చేస్తే సీఎస్‌వీ ఫైలు వస్తుంది నాన్నా. దాన్ని కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేసెయ్. అయిదు నిమిషాల పని" అని చెప్పి, మీటింగుందంటూ ఫోను పెట్టేసింది.

ఫోనులో చిన్న అక్షరాలు నాకు ఆనవు. అందుకని ఆ ఫైలును వాట్సాప్‌లో నాకు నేనే పంపుకొని నెట్ సెంటరుకి వెళ్లాను. దాన్ని నడిపే కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు. ఫైలు దింపి, అందులో ఏముందో చూద్దామని నొక్కాను.

ఎక్సెల్‌లో తెరుచుకుంది. వరసకొకటి చొప్పున సైటు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డు. చుక్కల వెనక దాక్కోవాల్సినవి పెళ్లి శుభలేఖలోలా అచ్చుగుద్దినట్టున్నాయి! యాప్ లోపల ఉన్నంతసేపే వాటికి తాళం. సీఎస్‌వీగా బయటికి తీశామంటే మామూలు అక్షరాలే. కొత్త యాప్ చదువుకోవాలి కదా మరి. దారిలో ఎవరు చూసినా చదువుకోవచ్చు.

అందులో మా అమ్మ పేరుంది. కింది వరసలోనూ ఉంది. ఆ కిందా అదే. వెనక నేను పుట్టిన సంవత్సరం తగిలించి, పదిహేడు చోట్ల అదే పాస్‌వర్డు వాడానన్న సంగతి ఒక్కచోట చూసేదాకా నాకే తెలీదు. అమ్మకి సంతకం రాదు. ఎక్కడైనా వేలిముద్రే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అప్పటినుంచీ నా సంతకం ఆమె పేరే అన్నమాట. పక్క కుర్చీలో ఎవరో ఆధార్ జిరాక్సు కోసం ఎదురుచూస్తుంటే, గబుక్కున ఆ కిటికీ మూసేశాను.

ఇంపోర్టు నిజంగానే అయిదు నిమిషాల్లో అయిపోయింది. దారిలో బెల్లం ముక్క కూడా కొనుక్కుని ఇంటికొచ్చాను.

రాత్రి అమ్మాయి ఫోను. "ఫైలు తీసేశావా?"

"ఏ ఫైలు?"

కాసేపు మాటలేదు. "ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టు నాన్నా."

నా ఫోను డౌన్‌లోడ్స్‌లో ఒకటి. వాట్సాప్‌లో ఒకటి. నెట్ సెంటరు కంప్యూటర్లో ఒకటి. అంతకన్నా ఘోరం, కొత్త ఖజానా మాస్టర్ పాస్‌వర్డు కూడా ఆ కంప్యూటర్లోనే కొట్టాను. లాగౌట్ అయ్యానో లేదో గుర్తులేదు. ఇల్లు మారినవాణ్ణి, నగల పెట్టె లారీలోనే వదిలేసి కొత్తింట్లో పాలు పొంగించుకున్నట్టయింది నా పని. ముప్ఫయ్యేళ్ల పైచిలుకు ఉద్యోగం డబ్బు. నిద్ర ఎక్కడ పడుతుంది?

అమ్మాయి ఫోను పెట్టనివ్వలేదు. అప్పటికప్పుడు నా ఫోనులోంచే మాస్టర్ పాస్‌వర్డు మార్పించింది. తర్వాత మెయిల్. బ్యాంకు ముందు కదా అన్నాను. "మెయిల్ దొరికితే మిగతావన్నీ 'మర్చిపోయాను' అని నొక్కి మార్చేసుకుంటారు నాన్నా" అంది. ఆ తర్వాత బ్యాంకు, పెన్షను. పదకొండయింది.

పొద్దున్నే షట్టరు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. "ఏటి మాస్టారూ, ఇంత పొద్దున్నే వచ్చీసారు?" అన్నాడు కుర్రాడు. ఫైలు అలాగే ఉంది. దాని చుట్టూ ఊళ్లోవాళ్ల టెన్త్ మార్కుల జాబితాలు, పాన్ కార్డులు, పెళ్లి ఫొటోలు. తీసేశాం. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాం. "ఎవులూ చూడరండి" అని ధైర్యం చెప్పాడు. వాడి మీద నాకు అనుమానం లేదు. కానీ తీసేసిన ఫైలును తిరిగి రప్పించే సాఫ్టువేర్లున్నాయి. అందుకే తీసేయడం సగం పనే, మార్చడమే అసలు పని.

ఇంకో సంగతి. పాతదాంట్లో 43 ఉంటే కొత్తదాంట్లో 41 తేలాయి. ఎందుకో మరి, రెండు జారిపోయాయి. పాత యాప్ ఇంకా ఉంది కాబట్టి చూసి చేత్తో కొట్టుకున్నాను. తొందరపడి దాన్ని ముందే తీసేసి ఉంటే వాటికోసం ఎక్కడ వెతికేవాణ్ణి?

మిగిలినవి మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం కూర్చుని ఒక్కోచోటా అమ్మ పేరు తీసేసి, యాప్ ఇచ్చిన గజిబిజి అక్షరాలు పెట్టడం. తప్పు చేస్తున్నట్టే ఉండేది. మా ఆవిడ చూసి, "అత్తయ్యగారు ఈపాటికి విసిగిపోయుంటారు, కాస్త విశ్రాంతి ఇవ్వండి" అంది.

మాస్టర్ పాస్‌వర్డు మాత్రం కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బీరువాలో పొలం దస్తావేజుల కింద పెట్టాను. నాకేదైనా అయితే ఆమెకి దారి కావాలి కదా. ఒకదానికొకటి పొంతనలేని నాలుగు మాటలవి. ఆమె కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇదేం మాటండీ, అర్థంపర్థం లేకుండా?"

"ఉండకూడదట."