మంచు బాట మీద నడక

పిల్లలూ! నడవడం మీ అందరికీ వచ్చు. మాటలు సరిగా రాకముందే నేర్చుకున్న విద్య అది. కాని కొన్ని నగరాలలో, ఏటా శీతాకాలం రాగానే, పెద్దవాళ్ళు కూడా నడక మళ్ళీ నేర్చుకోవలసిందే! అమెరికాలోని చికాగో అటువంటి నగరం. మా అమ్మాయి కుటుంబం అక్కడ వుంటున్నది గనక, హెడ్మాస్టరు పని నుంచి రిటైరయిన తరువాత రెండు శీతాకాలాలు నేనక్కడ గడిపాను.

అక్కడి చలి ఎటువంటిదో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. 1985 జనవరి 20వ తేదీన ఆ నగరంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 33 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది! అయితే అంత చలి ఎప్పుడో గాని రాదు. కాలినడకన పోయేవారు జాగ్రత్తపడవలసింది కాస్త ఎండ కాసిన మర్నాటి ఉదయం. ఎందుకో తెలుసునా?

పగటి ఎండకు మంచు కరిగి, ఆ నీరు కాలిబాట మీద పలచగా పరుచుకుంటుంది. రాత్రికి అదే గడ్డకట్టి అద్దంలాటి పొర అవుతుంది. దాని గుండా కింది సిమెంటు కనిపిస్తుంది గనక, బాట తడిసిందనుకుంటామే గాని మంచు వున్నదనుకోము. దీన్నే అక్కడ ‘నల్ల మంచు’ అంటారు.

అసలు మంచుగడ్డ ఎందుకు జారుతుంది? గడ్డ లోపలి అణువులు ఒకదాన్నొకటి అన్నివైపులా పట్టుకుని వుంటాయి. పైపొరలోని అణువులకు పైన పట్టు లేదు. అందుచేత అవి వదులుగా, ఇంచుమించు నీటిలాగా కదులుతాయి. ఇటువంటి పొర వుండవచ్చునని 1850లోనే మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు ఊహించాడు.

మరి ఎలా నడవాలి? పెంగ్విన్ పక్షిలాగా! అడుగులు చిన్నవిగా వెయ్యాలి. పాదమంతా ఒక్కసారే నేలకు ఆనించాలి. శరీరం బరువు ముందుకాలి మీద వుండాలి. చేతులు జేబుల్లో దూర్చకూడదు. తూలినప్పుడు నిలదొక్కుకోవడానికి అవే ఆధారం. బూట్ల అడుగుభాగం రబ్బరుదై, లోతైన గాట్లతో వుండాలి.

కాని ఒక్కరి జాగ్రత్త చాలదు. చికాగోలో ఎవరి ఇంటిముందు కాలిబాటను వారే 5 అడుగుల వెడల్పున శుభ్రం చెయ్యాలని నియమం వున్నది. ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా పడిన మంచును రాత్రి 10 లోగా, రాత్రి పడిన మంచును ఉదయం 10 లోగా తీసివెయ్యాలి. పది ఇళ్ళవారు తీసి, పదకొండో ఇంటివారు మానేశారనుకోండి. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి అక్కడ ఆగిపోవాలి, లేదా కార్లు తిరిగే రోడ్డు మీదికి దిగాలి. పది ఇళ్ళ శ్రమా ఆ ఒక్క ఇంటి దగ్గర వృథా అయినట్టే కదా!

మా అమ్మాయి పక్కింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా వుంటుంది. ఆవిడ పార ఎత్తలేదు. మా మనమడు తమ ఇంటిముందు మంచు తీశాక, పార దించకుండా ఆవిడ వాకిలి కూడా తీసేవాడు. “నీకు చలి వెయ్యటం లేదుట్రా?” అన్నాను ఒకనాడు. “వేస్తున్నది తాతయ్యా! కాని ఇక్కడ ఆపేస్తే, పోస్టుమాన్ అక్కడ పడతాడు” అన్నాడు వాడు.

మంచు తీశాక ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. ఒక కాఫీ మగ్గెడు ఉప్పు కాలిబాటలో పది పలకలకు సరిపోతుంది. అంతకు మించితే అది వాగుల్లోకి పోయి చేపలకు చేటు. చలి మరీ ఎక్కువైతే ఉప్పు పని చెయ్యదు. అప్పుడు కాలికి పట్టు దొరకడానికి ఇసుక చల్లుతారు.

ఇంట్లో మీరూ ఒక ప్రయోగం చేసి చూడండి. మంచుముక్క మీద తడిపిన నూలుదారం వేసి, చిటికెడు ఉప్పు చల్లి, ఒకటి రెండు నిమిషాలాగి దారం ఎత్తండి. ముక్క దారానికి అతుక్కుని లేస్తుంది! ఉప్పుకు కరిగిన నీరు దారం చుట్టూ మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. బాట మీద కూడా ఇంతే. కరిగిన నీటిని అప్పుడే తోసివెయ్యకపోతే, తెల్లవారేసరికి అదే నల్ల మంచు.

మంచు పడే ఊళ్ళలో వుంటున్న మన పిల్లలు కూడా ఇది చదువుతూ వుంటారు. వాళ్ళకొక మాట: మీ ఇంటిముందు బాట తీయడం పూర్తికాగానే పార లోపల పెట్టకండి. పక్కింటి వాకిలివైపు ఒకసారి చూడండి.